ఇద్దరికీ ఒకటే పేరు

ఆ వీధిలో ఎవరింట బిడ్డ పుట్టినా పేరు కోసం వచ్చేది ఒక్క మాస్టారి ఇంటికే. ఆ రోజు పొద్దున్నే బేకరీ అతను తెల్ల తువ్వాల్లో చుట్టిన పసిగుడ్డుతో, వెనకాల తన తల్లితో వచ్చి వరండా మెట్ల దగ్గర నిలబడ్డాడు. లోపల గదిలో మాస్టారి భార్య టైలరమ్మ కిటికీ పక్కన మిషన్ ముందు కూర్చుని స్కూలు చొక్కాకి కాలరు కుడుతోంది. ఒక కన్ను స్టవ్ మీద మరుగుతున్న టీ మీద, ఒక కన్ను సూది మీద, చెవులు రెండూ మాత్రం వరండాలో ఉన్నాయి ఆవిడకి.

“మాస్టారూ, ఏదో ఒక పేరు చెప్పి నన్ను ఒడ్డున పడేయండి. మా అమ్మ ఒకటంటుంది, మా అత్తగారు ఇంకొకటంటారు. మధ్యలో నేను నలిగి చస్తున్నాను,” అన్నాడు బేకరీ అతను.

“వాళ్ళ భాష పేరు పెడితే నేను పిలవను, ముందే చెప్తున్నా! నోరు తిరగొద్దూ?” అంది తల్లి.

“ఎందుకమ్మా అంత తొందర? పేరంటే మీవాడు పొయ్యిలోంచి లాగి ఇచ్చే బ్రెడ్డా? ముందు పిల్లని చూడనివ్వండి,” అన్నారు మాస్టారు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

ఆయన స్కూల్లో భాష చెప్పి రిటైరైన మనిషి. వీధంతా ఆయన్ని పేర్ల మాస్టారు అంటారు. పేర్లంటే ఆయనకి అదో పిచ్చి. ఏ పేరు ఏ భాషలో పుట్టింది, ఏ వ్యాపారస్తుల వెంట ఏ ఊరు చేరింది, అక్కడెవరింట్లో దిగి ఏ వేషం మార్చింది, అన్నీ తన మేనత్త కబుర్లు చెప్పినట్టు చెప్తారు. అయితే ఆయనకో పద్ధతి ఉంది. బిడ్డ గురించి అడగాల్సినవి అడగందే నోట్లోంచి పేరు రాదు.

“పిల్ల ఎలా ఏడుస్తుంది?”

“ఎలా ఏమిటండీ, నోరు తెరిచి!” అన్నాడు బేకరీ అతను.

“అది కాదయ్యా. ఒకే బిగిన ఏడుస్తుందా, ఆగి ఆగి చుట్టూ చూసి మళ్ళీ ఏడుస్తుందా? దేన్ని చూస్తే నవ్వుతుంది? నిద్రలో పిడికిలి బిగిస్తుందా, వేళ్ళు చాపుతుందా?”

బేకరీ అతను తెల్లమొహం వేశాడు. తల్లి మాత్రం ఒక్కసారిగా మెత్తబడిపోయి చెప్పడం మొదలుపెట్టింది. పిల్ల ఆగి ఆగి ఏడుస్తుందట, ఎవరైనా వస్తున్నారా లేదా అని చూసుకుని మరీ ఏడుస్తుందట, తలుపు గొళ్ళెం చప్పుడైతే చాలు కళ్ళు విప్పార్చి నవ్వుతుందట. మాస్టారు అంతా విని, కాసేపు కళ్ళు మూసుకుని ఒక పేరు చెప్పారు. ఎక్కడో ఎడారి మనుషుల నోట పుట్టి, ఓడలెక్కి వచ్చిన పేరు. “మీ భాషలోనూ ఉంది, మీ వియ్యపురాలి భాషలోనూ ఉంది. మీ దగ్గర చివర కాస్త సాగదీస్తారు, వాళ్ళ దగ్గర మొదట్లో కాస్త నొక్కుతారు, అంతే తేడా. ఇంటికి వచ్చిన అతిథి అని అర్థం. తలుపు చప్పుడికి నవ్వే పిల్లకి ఇంకేం కావాలమ్మా?”

పెద్దావిడ ఆ పేరు తనలో తను రెండుసార్లు అనుకుని చూసుకుంది. నోరు బాగానే తిరిగింది. ఇంక ఆవిడ మొహం చూడాలి! కొడుకుని తోసేసి బిడ్డని తనే ఎత్తుకుని మెట్లు దిగింది.

వాళ్ళు వీధి మలుపు తిరిగారో లేదో, మాస్టారు లోపలికి తిరిగి కూతురి పేరు గొంతెత్తి పిలిచారు. “ఇంకా రాలేదా డ్యూటీ నుంచి?” అన్నారు. రాలేదని ఆయనకీ తెలుసు. అయినా రోజుకి ఎన్నిసార్లో ఆ పేరు పిలవందే ఆయనకి తోచదు. పేపరు ఎక్కడుందని పిలుస్తారు, కళ్ళజోడు మొహానే ఉన్నా కళ్ళజోడు ఏదని పిలుస్తారు, ఏమీ లేకపోతే ఊరికే పిలిచి, “ఏం లేదులే,” అంటారు.

ఆ పేరు విన్నప్పుడల్లా టైలరమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఇన్నేళ్ళొచ్చినా ఆగుతూనే ఉంది. ఎందుకంటే ఆ పేరు ముందు పెద్ద కూతురిది. పెద్దది పలకా బలపం పట్టుకుని స్కూలుకి పోవడం మొదలెట్టిందో లేదో, జ్వరమొచ్చి పోయింది. తర్వాత రెండేళ్ళకి చిన్నది పుడితే, వీధంతటికీ కొత్త పేర్లు వెతికిపెట్టే మనిషి తన ఇంటి బిడ్డకి మాత్రం వెతకలేదు. పోయినదాని పేరే పెట్టేశారు. ఆవిడ అప్పుడేం అనలేదు. అనే స్థితిలోనూ లేదు. కానీ ఆ పేరుతో చిన్నదాన్ని ఎన్నడూ పిలవలేదు. చిన్నీ అంటుంది, అమ్మాయ్ అంటుంది, ఏమే అంటుంది. ఆ ఒక్క పేరు మాత్రం ఆవిడ నోట రాదు.

చిన్నది వచ్చేసరికి ఎండ గుమ్మం దాకా వచ్చింది. ప్రసూతి వార్డులో నర్సు అది. రాత్రంతా నిలబడి ఉన్న కాళ్ళు, జడలోంచి ఊడిన పిన్నులు. చేతులు కడుక్కుని టీ గ్లాసుతో వచ్చి మిషన్ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. చిన్నప్పట్నుంచీ దాని చోటు అదే. కింద పడ్డ గుడ్డపీలికలు ఏరి రంగులవారీగా ఒళ్ళో పెట్టుకుంటూ, తల ఎత్తకుండా అంది.

“అమ్మా, నేను పేరు మార్చుకుంటున్నాను.”

టైలరమ్మ కాలు మిషన్ పెడల్ మీద ఆగిపోయింది. “ఏం మాటలే అవి, పొద్దున్నే?”

“మొన్న వార్డులో ఒకావిడకి పాప పుట్టి దక్కలేదు. పుట్టకముందే పేరు పెట్టుకున్నారట. వాళ్ళాయన పక్కనే కూర్చుని, ఏడవకు, మళ్ళీ పుడుతుంది, దానికీ ఇదే పేరు పెట్టుకుందాం అంటున్నాడు. నా చేతిలో ట్రే ఉందమ్మా. కింద పడేశాను. వద్దండీ, అలా చెయ్యకండీ అని అరిచాను. వార్డంతా నన్నే చూసింది. హెడ్ నర్సు బయటికి పంపించి మంచినీళ్ళు తాగించింది. ఏమైందే అంటే ఏం చెప్పను? ఇంటికొచ్చాక కూడా మీకు చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు.”

 టైలరమ్మకి గుడ్డని సూది కిందనుంచి తియ్యాలో, అలాగే ఉంచాలో తెలియలేదు. “మీ నాన్న వింటారు, మెల్లగా,” అని మాత్రం అంది.

“విననీ. చెప్పాల్సింది ఆయనకే.”

విననే విన్నారు. వరండాకీ గదికీ మధ్య ఉన్నది ఒక పరదా. మాస్టారు పరదా పక్కకి నెట్టి గుమ్మంలో నిలబడ్డారు. మొహంలో కోపం లేదు, ఇంకా అర్థం కానట్టు ఉంది.

“ఏ పేరు మారుస్తావమ్మా? ఎంత మంచి పేరది! తొలి వెలుగు అని అర్థం. దేశాలు తిరిగిన పేరు కూడా కాదు, మన నోట పుట్టి మన దగ్గరే ఉండిపోయిన పేరు.”

“అర్థం నాకు తెలుసు నాన్నా. బయటివాళ్ళకి తొలి వెలుగు. మన ఇంట్లో దానికి ఒక్కటే అర్థం. పోయిన పిల్ల.”

ఆ మాట గదిలో ఎవరి నెత్తినో పడ్డట్టు పడింది. మాస్టారు గుమ్మం పట్టుకున్నారు. ఆయనకి చేతనైంది ఒకటే, మాటకి మాట చదువులోంచి తెచ్చి పెట్టడం. “అలా అనుకోకూడదు. మంచు దేశాల్లో మనుషులు ఏం చేస్తారో తెలుసా? పోయినవాళ్ళ పేరు కొత్తగా పుట్టిన బిడ్డకి పెడతారు. ఆ పేరుతోబాటు ఆ మనిషి మంచితనం, నవ్వు, అన్నీ బిడ్డకి వస్తాయని. దాన్ని వాళ్ళు ఎంత గౌరవంగా...”

“ఇంకోచోట ఎవరైనా పోతే ఏళ్ళ తరబడి ఆ పేరు పలకరు. అదే పేరున్నవాళ్ళు బతికుంటే, వాళ్ళు పేరు మార్చుకుంటారు. అది కూడా నువ్వు చెప్పిందే నాన్నా, ఆ వరండాలోనే. వీధిలోవాళ్ళకి నువ్వు చెప్పేవన్నీ వింటూనే పెరిగాను నేను.”

మాస్టారు పరదా అంచు వేళ్ళతో నలిపారు.

“నాకు అక్షరాలు నువ్వే నేర్పావు. పేరు రాయడం నేర్పావు. ఆ తర్వాత శ్మశానానికి తీసుకెళ్ళావు, అక్కయ్యని చూసొద్దాం రమ్మని. గోడవార చిన్న రాయి. దాని మీద అక్షరాలు కూడబలుక్కుని చదివాను. నాన్నా, నా పేరు, నా పేరు అని ఎగిరాను. గుర్తుందా? పుస్తకంలో కాదు, బోర్డు మీద కాదు, నా పేరు నేను మొదటిసారి చదివింది ఆ రాయి మీద. నువ్వు నన్నెత్తుకుని శెభాష్ అన్నావు.”

టైలరమ్మకి గుర్తుంది. ఆ రోజు తను మొహం తిప్పుకుని గోడ వైపు చూస్తూ నిలబడింది. ఇప్పుడూ అదే పని చేస్తున్నానని తెలుస్తూనే ఉంది. కూతురు ఏడవడం లేదు, మొగుడు అరవడం లేదు. ఇద్దరిలో ఎవరినైనా గదమాయించగలిగితే బావుండును. కానీ ఎవరిని గదమాయించాలి? ఆ పేరు తీసేస్తే పెద్దది ఇంట్లోంచి రెండోసారి పోయినట్టు. ఉంచితే చిన్నది ఇంట్లో ఉండీ లేనట్టు. కన్నతల్లి అయ్యుండి, ఇద్దరిలో ఒకదాన్నే ఎంచుకోమంటే ఏం చేస్తుంది?

“నువ్వు తీసేస్తే,” అన్నారు మాస్టారు, “దాన్ని తలుచుకునేవాళ్ళెవరమ్మా? ఈ ఇంట్లో ఆ పేరు ఇంకెవరు పలుకుతారు?”

“అంటే నన్ను పిలిచినప్పుడల్లా దాన్నేగా తలుచుకుంటున్నావు!” చిన్నది లేచి నిలబడింది. ఒళ్ళోని పీలికలన్నీ నేలమీద చెల్లాచెదురయ్యాయి. “నువ్వు రోజంతా ఆ పేరు పిలుస్తావు, నన్ను కాదు. అమ్మ ఒక్కసారి కూడా పిలవదు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఎదురు చూశాను, అమ్మ ఒక్కసారైనా పేరుపెట్టి పిలుస్తుందేమోనని. అర్జీ పెట్టేశాను. కొత్త పేరు ఏమిటో చెప్పడానికి గడువిచ్చారు. మీకిష్టం లేకపోతే ఆస్పత్రి హాస్టల్లో మంచం ఉంది, అక్కడికి పోతాను.”

తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది. గట్టిగా కూడా వెయ్యలేదు. గట్టిగా వేసినా కాస్త నయంగా ఉండేది.

ఇంక ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పొద్దూ. ఇంట్లో ఎవరికీ పేరు లేదు. మాస్టారు కూతుర్ని పిలవడం మానేశారు. కళ్ళజోడు కనపడకపోతే చేత్తో తడుముకుంటారు గానీ నోరు తెరవరు. “ఏమోయ్, లోపల అన్నం తిన్నారా?” అంటారు భార్యతో, అదేదో అద్దెకున్నవాళ్ళ గురించి అడిగినట్టు. చిన్నది డ్యూటీకి పోతూ, “వరండాలో చెప్పు, వస్తానని,” అంటుంది. టైలరమ్మ ఈ గదికీ ఆ గదికీ మధ్య మాటలు మోస్తూ తిరిగింది. దారిలో వాటికి కాస్త మెత్తదనం కుట్టి ఇద్దామని చూసింది. ఇద్దరికీ తెలిసిపోయేది. ఆవిడ మాటలకి ఇద్దరూ ఊఁ అని ఊరుకునేవారు.

ఒకరోజు రెండు వీధుల అవతల నుంచి ఒక కొత్త దంపతులు బిడ్డతో వచ్చారు. మాస్టారు కుర్చీలోంచి లేవను కూడా లేదు. “నా దగ్గర పేర్లు లేవమ్మా. అయిపోయాయి,” అన్నారు. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని వెళ్ళిపోయారు. పరదా వెనకనుంచి టైలరమ్మ అంతా చూసింది. కత్తెర పక్కన పడేసి వరండాలోకి వచ్చి, ఆయన ఎదురుగా మెట్టు మీద కూలబడింది.

“ఏమండీ, ఒక్కమాట అడుగుతాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. అసలెందుకు పెట్టారండీ, ఆ పేరు?”

ఆయన చూపు వీధివైపు తిప్పుకున్నారు.

“మీకేం పేర్లు కరువా? అడ్డమైనవాళ్ళకీ అడిగిందే తడవుగా ఇస్తారే! నా పిల్లకి ఒక్క పేరు దొరకలేదా మీకు? పెద్దదాన్ని మర్చిపోలేక పెట్టారని ఇన్నాళ్ళూ సరిపెట్టుకున్నాను. మీ తృప్తి కోసం చిన్నదాన్ని బలిపెట్టారని లోపల్లోపల తిట్టుకున్నాను కూడా. చెప్తున్నా, దాచడం ఎందుకు?”

“నా తృప్తి కోసమా?” ఆయన మెల్లగా ఇటు తిరిగారు. “నీకు నిజంగా గుర్తులేదా?”

“ఏం గుర్తులేదు?”

“పెద్దది పోయాక నువ్వేం చేసేదానివో.”

ఆవిడకి గుర్తున్నది చాలా తక్కువ. ఆ రెండేళ్ళూ నీళ్ళలోంచి చూసినట్టు మసగ్గా ఉంటాయి.

“పొద్దుగూకే వేళకి వీధిలో పిల్లలందరినీ తల్లులు ఇళ్ళలోకి పిలుస్తారు కదా. నువ్వూ లేచి గుమ్మంలోకి వెళ్ళేదానివి. పెద్దదాన్ని పిలిచేదానివి. అది బతికున్నప్పుడు ఎలా పిలిచేదానివో అలాగే, చివర కాస్త సాగదీసి. పిలిచి ఆగేదానివి. మళ్ళీ పిలిచేదానివి. ఇంక చీకటి పడే దాకా అదే. వీధిలోవాళ్ళు పిల్లల్ని లోపలికి లాక్కుని కిటికీలు వేసుకునేవాళ్ళు. నిన్ను లోపలికి తీసుకురావడానికి నీ భుజం పట్టుకుంటే నన్ను చూసి, ‘పలకడం లేదండీ, ఎంత పిలిచినా పలకడం లేదు,’ అనేదానివి. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు. డాక్టర్లకి చూపించాను. ఏదో మందు ఇచ్చారు. ఏమీ కాలేదు. ఏం చెయ్యాలో నాకు తోచలేదే. నాకు తెలిసిందల్లా పేర్లు. చిన్నది పుట్టగానే...” ఆయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. “నువ్వు పిలిస్తే ఎవరో ఒకరు పలకాలనుకున్నాను. అంతే. అంతకంటే ఇంకేం ఆలోచించలేదు.”

 వీధిలో సైకిల్ బెల్లు మోగింది, ఎదురింట్లో ఎవరో బకెట్ కింద పెట్టారు.

“పని చేసింది కూడా,” అన్నారు ఆయన, అదేదో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు. “చిన్నది పాకడం మొదలుపెట్టాక నువ్వు గుమ్మంలోకి వెళ్ళడం మానేశావు. పిలవడం మానేశావు. నీకు నయమైందని నేను ఎంత పొంగిపోయానో! ఆ పేరు నువ్వు పలకకపోతే మాత్రమేం, నేను పలుకుతాగా, ఇంట్లో వినపడుతూ ఉంటే చాలు అనుకున్నాను.”

“నయమై కాదండీ మానేసింది!” అంది ఆవిడ. “ఒక సాయంత్రం పిలిచాను. ఎప్పట్లాగే పిలిచాను. వెనకనుంచి ఊఁ అని చప్పుడైంది. తిరిగి చూస్తే చిన్నది. మోకాళ్ళ మీద పాక్కుంటూ, నవ్వుకుంటూ నా కాళ్ళ దగ్గరికి వచ్చేస్తోంది, నేను దాన్నే పిలిచాననుకుని. నేను పిలిచింది దాన్ని కాదండీ! అదేమో రెండు చేతులూ చాపింది. ఆ మొహం చూశాక నాకు సిగ్గేసింది, భయమేసింది. ఇంకొకసారి పిలిస్తే ఇంకొకసారి వచ్చేస్తుంది. దాన్ని ఎన్నిసార్లు మోసం చెయ్యను? నా నోరు మూతపడిపోయింది. అప్పట్నుంచి పెద్దదాన్ని పిలవలేదు, చిన్నదాన్నీ పిలవలేదు.”

నయం చేశానని ఆయన, నోరు కట్టేశారని ఆవిడ. ఒకే కప్పు కింద, ఒకే కుండలో వండింది తింటూ, ఒకరికొకరు అడక్కుండా ఇన్నేళ్ళు గడిపేశారు. ఇప్పుడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేక వీధి వైపు చూస్తూ కూర్చున్నారు. చెయ్యడానికి ఏమీ లేదు. కుట్లు విప్పి మళ్ళీ కుట్టడానికి అది గుడ్డా?

పరదా కదిలింది. చిన్నది డ్యూటీకి తయారై నిలబడి ఉంది, భుజాన బ్యాగుతో. ఎంతసేపట్నుంచి ఉందో గానీ, కళ్ళు చూస్తే అంతా విన్నదని తెలుస్తోంది.

“అంటే నన్ను పలకడానికి పెట్టుకున్నారన్నమాట,” అంది. నవ్వబోయింది, కుదరలేదు. “నాకు కోపం రావాలి కదూ? రావడం లేదు నాన్నా. అదే నా ఖర్మ.”

“అమ్మా, నన్ను...” అని మాస్టారు లేవబోయారు.

“నువ్వు కూర్చో.” వచ్చి తల్లి పక్కనే మెట్టు మీద కూర్చుంది. “అర్జీలో కొత్త పేరు దగ్గర ఖాళీ వదిలేశాను, ఏమీ రాయలేదు. ఎన్ని అనుకున్నా ఒక్కటీ నాదనిపించడం లేదు. ఊళ్ళో అందరికీ పెట్టావు. నాకూ ఒకటి పెట్టు. నా కోసం పెట్టు.”

మాస్టారు కళ్ళు మూసుకున్నారు.  ఎన్ని భాషల పేర్లు, ఎన్ని దేశాల పేర్లు! పుట్టిన వారాన్ని బట్టి పెట్టేవి, చావు కంట పడకుండా చెత్త అని, గడ్డి అని పెట్టేవి, తాతల పేర్లు తోకలా వెంట వచ్చేవి, అన్నీ ఆయన నాలుక చివరే ఉంటాయి. కళ్ళు తెరిచేసరికి అవి నీళ్ళతో నిండి ఉన్నాయి.

“రావడం లేదమ్మా. ఒక్కటీ రావడం లేదు. నువ్వెలా ఏడ్చేదానివో నాకు తెలియదు. దేనికి నవ్వేదానివో తెలియదు. ఊరందరినీ అడుగుతాను. నీ గురించి మాత్రం నన్ను నేను అడగలేదు. నువ్వు పుట్టినప్పుడు నేను నిన్ను చూడనే లేదు.”

ఆ మాట కన్నతండ్రి నోట వినడం కంటే కూతురికి ఇంకేం కావాలి, గుండె పగలడానికి? చిన్నది తల వంచుకుంది. ఆ వంచిన మెడ, ఊడిన పిన్ను, యూనిఫారం కాలరు దగ్గర తను కుట్టిన కుట్టు చూస్తూ టైలరమ్మ చెయ్యి చాపి ఆ పిన్ను సర్దింది.

“చప్పుడు లేకుండా ఏడ్చేది,” అంది ఆవిడ.

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు.

“అవునండీ. నోరు తెరిచేది, మొహం ఎర్రబడేది, చప్పుడు మాత్రం వచ్చేది కాదు. నేను అటు చూస్తేనే గొంతు విప్పేది. అందుకే ఉయ్యాలని మిషన్ పక్కనే పెట్టుకున్నాను. మిషన్ తిరుగుతున్నంతసేపూ నవ్వేది. ఆగితే పెదవి విరిచేది. అర్ధరాత్రి అపరాత్రి ఉత్తి మిషన్ తొక్కేదాన్ని, దారం కూడా ఎక్కించకుండా. నిద్రలో పిడికిలి బిగించేది కాదు. గుడ్డపీలిక ఒకటి వేళ్ళ మధ్య పెట్టుకుని పడుకునేది. ఎర్రది అయితేనే. వేరే రంగు ఇస్తే పారేసేది. ఎంత పట్టుదలో! పెద్దది అలా కాదు, పెద్దది ఏది ఇస్తే అది తీసుకునేది. అసలు పోలికే లేదండీ ఇద్దరికీ. ఎక్కడా పోలిక లేదు.”

చెప్తూ చెప్తూ ఆవిడకే ఆశ్చర్యమేసింది. చిన్నదాన్ని తను చూడలేదనుకుంది ఇన్నాళ్ళూ. చూసింది. అన్నీ చూసింది. పేరు ఒక్కటే పలకలేదు. ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది. కూతురు ఆవిడ భుజం మీద మొహం పెట్టుకుంది. చప్పుడు లేకుండానే ఏడ్చింది, చిన్నప్పట్లాగే. తల్లి అటు తిరిగి చూశాక అప్పుడు గొంతు విప్పింది.

“రేపటిదాకా టైమివ్వమ్మా,” అన్నారు మాస్టారు.

మర్నాడు చిన్నదానికి సెలవు. మాస్టారు పొద్దున్నుంచీ వరండా దాటలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు, టీ చల్లారిపోయినా చూసుకోలేదు. సాయంత్రమైంది. వీధిలో పిల్లల గోల సద్దుమణుగుతోంది. ఒక్కో గుమ్మంలోంచి ఒక్కో తల్లి పిలుస్తోంది. టైలరమ్మ మిషన్ మీద గుడ్డ కప్పింది. చీర చెంగు సర్దుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా వచ్చి గుమ్మంలో నిలబడింది.

పిలిచింది. పెద్దదాన్ని పిలిచింది, చివర కాస్త సాగదీసి, ఎన్నేళ్ళుగానో గొంతులో అడ్డంపడి ఉన్న పేరుతో.

లోపల చిన్నది ఉలిక్కిపడి ఆఁ అనబోయి, రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది. వరండాలో మాస్టారు కుర్చీ చేతుల్ని పట్టుకుని కదలకుండా కూర్చున్నారు. టైలరమ్మ ఆగింది. మళ్ళీ పిలిచింది. ఎదురింటివాళ్ళు కిటికీ వెయ్యలేదు. ఎవరూ పలకలేదు. పలికేవాళ్ళు లేరని, ఎంత పిలిచినా ఇంక రాదని, ఆవిడకి ఆ రోజు తెలిసింది. తలుపుకి ఆనుకుని, పెద్దది పోయిన రోజు ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చింది.

ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంటే, వరండాలోంచి మాస్టారి గొంతు వినపడింది. ఎవరినో పిలుస్తున్నారు. ఆ పేరు ఆ ఇంట్లో అంతకుముందు ఎప్పుడూ వినపడలేదు. గొంతులో తడబాటు, కొత్త చెప్పులేసుకుని నడుస్తున్నట్టు. లోపల చిన్నది ఆ పిలుపు ఎవరికోలే అనుకుని, తల్లి ఏడుపే వింటూ గోడకి ఆనుకుని నిలబడే ఉంది.

మాస్టారు మళ్ళీ పిలిచారు. ఈసారి గొంతెత్తి, అయినా భయం భయంగా, పలుకుతుందో పలకదో అన్నట్టు.

టైలరమ్మ లోపలికి తిరిగింది. ఆ కొత్త పేరు తన నోటితో తను కూడా ఒకసారి అంది. సులువుగానే వచ్చింది.

“నిన్నేనే తల్లీ! మీ నాన్న పిలుస్తున్నారు, పలుకు.”

“ఆఁ,” అంది చిన్నది. “వస్తున్నా నాన్నా.”